మా నాన్న నేర్పిన గట్టు

“మడ చెట్లకు శ్వాస వేర్లు ఎందుకు ఉంటాయి?”

ముప్పై ఏళ్లకు పైగా ఈ ప్రశ్న ఇచ్చాను. రెండు మార్కులు. బురద నేలలో గాలి ఆడదు కాబట్టి వేర్లు నేల పైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి అని రాస్తే రెండూ వేసేదాన్ని. “గాలి కోసం” అని ముక్తసరిగా రాసి ఊరుకున్నవాళ్లకు ఒకటి వేసి, పక్కన ఎర్ర సిరాతో “పూర్తిగా రాయాలి” అని రాసేదాన్ని. బోర్డు మీద చెట్టు గీసి, దాని చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు పొడుచుకొచ్చినట్టు ఆ వేర్లు గీసేదాన్ని. తాడేపల్లిగూడెంలో నేను పనిచేసిన బడిలో ఆ బొమ్మ గీయడంలో నా తర్వాతే ఎవరైనా అని అనేవారు. నేనూ అలాగే అనుకునేదాన్ని, మొహమాటం ఎందుకు. అసలు మడ చెట్టును మాత్రం రిటైరయ్యేదాకా కంటితో చూడలేదు. చూసిన మూడో ఏడు పదకొండు చెట్లను చంపాను.

నరికి చంపలేదు. నీళ్లు పెట్టి చంపాను.

ఇది చెప్పాలంటే ముందు మా నాన్న గురించి చెప్పాలి. గణపవరం దగ్గర పల్లెలో ఆయన గట్టు పని చేసే కూలీ. సొంతానికి సెంటు భూమి లేదు. ఉన్నదల్లా ఒక పార. డెల్టా ఊళ్లలో గట్టంటే పొలానికి ప్రాణం. గట్టు నిలిస్తే నీళ్లు నిలుస్తాయి, నీళ్లు నిలిస్తే నారు బతుకుతుంది. మా నాన్న వేసిన గట్టు కారదని చుట్టుపక్కల పేరు. పని పూర్తయ్యాక ఈ చివరి నుంచి ఆ చివరికి ఒట్టి కాళ్లతో నడిచేవాడు. అరికాలికి ఎక్కడైనా మెత్తగా చెమ్మ తగిలితే అక్కడ ఆగి, వంగి, పీత బొరియ వెతికి పట్టుకునేవాడు. గడ్డీ బంకమట్టీ కలిపి ముద్ద చేసి అందులో కూరేవాడు. బడి లేని రోజుల్లో ఆ ముద్దను తొక్కే పని నాది. నా మడమ బొరియకి సరిగ్గా సరిపోయేది. “గట్టిగా తొక్కమ్మా, మళ్లీ నోరు తెరవకూడదు” అనేవాడు. తొక్కి తొక్కి ఇంటికొచ్చేసరికి మోకాళ్లదాకా బురద, అమ్మ చేతిలో తిట్లు.

నాన్నతో ఇంకో సంగతి ఉంది. పొలం ఆసామి వచ్చి తూము తప్పుచోట పెట్టమన్నా “ఆయ్, అలాగేనండి” అని అక్కడే పెట్టేవాడు. ఇంటికొచ్చాక అమ్మ ముందు గొంతు లేచేది. “అక్కడ పెడితే ఆగుద్దా? వారం తిరక్కుండా కొట్టుకుపోద్ది” అని. మరి ఆ మాట అక్కడే చెప్పొచ్చుగా అని అమ్మ అంటే, “మనం చెప్తే ఆళ్లు వింటారా?” అని చేతులు కడుక్కుని అన్నానికి కూర్చునేవాడు. వారం తిరక్కుండా తూము కొట్టుకుపోయేది. ఆసామి వచ్చి నాన్ననే తిట్టేవాడు.

మిషన్ బడిలో చదివి, టీచర్ ట్రైనింగ్ చేసి, నేను మేడంగారినయ్యాను. పారా బురదా వదిలి రెండు తరాల దూరం ఒక్క తరంలో నడిచాననుకునేదాన్ని. ఎవరైనా మేడంగారూ అని పిలిస్తే ఇప్పటికీ లోపల చిన్న గర్వం తల ఎత్తుతుంది. దానికి తోడు నాకు కోపం ఎక్కువ. నా మాటకి ఎదురు చెబితే అస్సలు పడదు.

రిటైరయ్యాక ఏలూరులో ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేకపోయాను. ఏలూరువాళ్లు కొందరు కలిసి సముద్రం వైపు మడ మొక్కలు నాటుతున్నారని తెలిసి చేరాను. ఒక కాలేజీ లెక్చరరు, ఇద్దరు నర్సులు, మా చర్చివాళ్లు నలుగురు, పొద్దున్నే పార్కులో నడిచే రిటైర్డు ఉద్యోగులు కొందరు. ఎవరికీ ఇందులో వచ్చేది లేదు, పోయేది ఆదివారం ఒక్కటే. సముద్రం వెనక్కి తగ్గే ఆటు పొద్దున్నే పడితే ఆరాధన ఎగ్గొట్టి వెళ్లేవాళ్లం. “దేవుడి కంటే మడ చెట్టే ఎక్కువైపోయిందండీ మీకు” అని మా పాస్టరుగారు నవ్వేవారు. దేవుడు మూడో రోజున చెట్లనే కదండీ చేశాడు అని నేను ఎదురు బాణం వేసేదాన్ని.

కొల్లేరు నీళ్లు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు. అది సముద్రంలో కలిసే చోటికి కొంచెం ఎగువన, ఒడ్డు మీద, చేపలు పట్టుకునేవాళ్ల పేట ఒకటి ఉంది. పది పదిహేను ఇళ్లు. పోటుకి సముద్రం నీళ్లు ఏట్లోకి ఎక్కుతాయి, ఆటుకి దిగిపోతాయి. ఒకప్పుడు రెండు ఒడ్డుల మీదా మడ అడవేనట. రొయ్యల చెరువుల కోసం కొట్టేశారు. అడవి పోయాక ఒడ్డు ప్రతి వానాకాలం కొంత ఏట్లోకి జారుతోంది. మళ్లీ మడ పెరిగితే ఒడ్డు నిలుస్తుంది, పీతలూ రొయ్యపిల్లలూ తిరిగొస్తాయి. మేం పూనుకున్న పని అది.

పేటలో చివరి ఇల్లు ఒకావిడది. నా కంటే ఐదారేళ్లు చిన్న. భర్త జ్వరంతో పోయాడు. కూతురు కైకలూరులో కాపురం ఉంటోంది. ఎవరి ఇంటి ముందు ఒడ్డు ఎంత జారినా ఆవిడ ఇంటి ముందు మాత్రం జారలేదు. కారణం పదకొండు తెల్ల మడ చెట్లు. అంతకుముందు వాళ్లున్న ఇల్లు ఏట్లో పడిపోతే, వెనక్కి జరిగి ఈ ఇల్లు వేసుకున్నారు. అప్పుడు ఆవిడ భర్త పోటుకి కొట్టుకొచ్చిన మడ కాయలేరి ఇంటి ముందు బురదలో గుచ్చాడు. ఎన్నో గుచ్చితే పదకొండు నిలిచాయి. ఆయన పోయినా అవి ఒడ్డును పట్టుకుని ఉన్నాయి. పొయ్యిలోకి సరుగుడు పుల్లల కోసం రోజూ అరమైలు నడిచేదే తప్ప, ఆ చెట్ల నుంచి ఆవిడ ఒక్క రెమ్మ విరిచేది కాదు. పక్కింటి మేక అటు తిరిగి చూసినా కర్ర తీసుకుని లేచేది.

“ఆయన నాకేం పెట్టి పోయాడంటే ఇయ్యేనండి” అంది మొదటిరోజే, చెట్లను చూపించి. “ఇయ్యి ఉన్నన్నాళ్లూ ఇల్లు ఉంటాదండి.”

ఆ మొదటిరోజే చెట్ల కింద నడుస్తుంటే నా కాళ్ల కింద ఏవో గుచ్చుకున్నాయి. చూస్తే బురద నిండా వేలెడేసి వేర్లు, నిటారుగా, వందలకొద్దీ. “తొక్కకండి మేడంగారండీ, చెట్టుకి ముక్కులండి అయ్యి” అంది ఆవిడ. నేను నవ్వి అందరినీ దగ్గరికి పిలిచి పాఠం మొదలుపెట్టాను. వీటిని శ్వాస వేర్లంటారు, వీటికి సన్నటి రంధ్రాలుంటాయి, ఆటు సమయంలో గాలి తీసుకుని అడుగున వేర్లకు పంపుతాయి అని చేతులు తిప్పుతూ చెప్పాను. ఆకు నాకి చూడమన్నాను, ఉప్పగా ఉంటుందని. లెక్చరరుగారు కూడా నాకారు. ఆవిడ అందరితో పాటు చేతులు కట్టుకుని నిలబడి, చివరిదాకా విని, “బాగా చెప్పారండి” అంది. ఆవిడ ఒక్క మాటలో చెప్పిందే నేను పావుగంట చెప్పానని అప్పుడు నాకు తట్టలేదు.

అప్పటి నుంచి ప్రతి శనివారం సాయంత్రం ఆవిడ నాకు ఫోన్ చేసేది. “రేపు తొమ్మిదింటికి ఆటు పడతాదండి. పదకొండు దాటకుండా బయటికొచ్చేయాలండి” అని. తిథిని బట్టి లెక్క కట్టేది. ఒక్కసారీ తప్పలేదు.

మొదటి ఏడు మేం తాడు పట్టుకుని, వరసలు కట్టి, వరి నాటినట్టు నాటాం. ఇదేం ఊడుపండీ అని ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నెల తిరక్కుండా పోటు వరసలన్నీ ఎత్తుకుపోయింది. రెండో ఏడు ప్రతి మొక్కకీ వెదురు బద్దలు పాతాం. సగం మొక్కలు బద్దలతో సహా కొట్టుకుపోయాయి, మిగతావి గేదెలు మేశాయి. ఎండలో పడి నాటిన నర్సుల్లో ఒకావిడ ఆ ఖాళీ బురద చూసి కూలబడి ఏడ్చింది. ఏడవడం ఎందుకు, మళ్లీ నాటుదాం అని కసిరాను. నాకూ ఏడుపే వచ్చింది, కోపం కింద దాచుకున్నాను.

మూడో ఏడు వేసవిలో ఏలూరులో అందరం కూర్చున్నప్పుడు నేనే అన్నాను. “గట్టు లేకుండా నారు పోస్తే నిలుస్తుందాండీ ఎక్కడైనా? గట్టు వేద్దాం.”

లెక్చరరుగారు కొంచెం నసిగారు. “మడకి గట్టు వేయడం నేను వినలేదండీ మేడం. నీళ్లు వచ్చి పోతూ ఉండాలి కదా.”

“మీదే ఊరండీ?” అన్నాను.

“జంగారెడ్డిగూడెం అండి.”

“అదీ సంగతి. మెట్టవాళ్లకి గట్టు గొడవ ఏం తెలుస్తుందండీ. పొగాకు గురించి అడిగినప్పుడు చెబుదురుగాని.”

అందరూ నవ్వారు. ఆయనా నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు నాకు ఇవాళ్టికీ చెవుల్లో వినపడుతుంది.

నాటే చోటు ఆవిడ ఇంటి ముందే. చెట్లను ఆనుకుని పళ్లెంలా పల్లంగా ఉన్న బురద. చుట్టూ గట్టు తిప్పితే ఆ పదకొండు చెట్లు కూడా లోపలికి వస్తాయి. వాటికీ రక్ష అని ఆవిడకి చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏటి వైపు చూసింది. తర్వాత మెల్లగా, “పోటూ ఆటూ వచ్చి పోవడానికి దారి ఉంటాదాండీ?” అని అడిగింది. తూము పెడతామమ్మా అన్నాను. “అలాగైతే మీ ఇష్టమండి” అంది.

నాలుగు ఆదివారాలు గట్టు వేశాం. ఎప్పుడూ పెన్ను తప్ప పట్టని చేతులు పారలు పట్టాయి. నేను పైట బిగించి, నడుం ఎత్తు గట్టుని ఎక్కడ ఎంత వాలుగా దించాలో, మట్టి ఏ చేత్తో ఎలా చరచాలో చూపించాను. పీత బొరియ కనపడితే గడ్డీ మట్టీ కలిపి ముద్ద చేసి కూరమన్నాను. గట్టుకే కాదు, చెట్ల మొదళ్ల దగ్గర ఉన్నవి కూడా పూడ్పించాను, గట్టు కిందుగా తొలుచుకొస్తాయని.

“పీత బొరియలు పూడ్చేస్తారేంటండీ?” అని ఆవిడ తెల్లబోయింది. “అయ్యుంటేనే బురద గుల్లగా ఉంటాదండి.”

“గట్టుకి పీతంత శత్రువు లేదమ్మా. మా నాన్న దగ్గర నేర్చుకున్నాను” అన్నాను. ఆవిడ పక్కకి తప్పుకుంది.

చివరి ఆదివారం చెప్పులు విప్పి గట్టు మీద ఈ కొస నుంచి ఆ కొసకి నడిచాను. అరికాలికి ఎక్కడా చెమ్మ తగల్లేదు. నాన్న గుర్తొచ్చి కళ్లు నిండిపోయాయి. పోయి ఎన్నో ఏళ్లయిన మనిషి నా పక్కన నడుస్తున్నాడనిపించింది. నా జీవితంలో అంత సంతోషపడ్డ రోజులు ఎక్కువ లేవు.

గట్టు లోపల నాటిన మొక్కలు ఒక్కటీ పోలేదు. తూములోంచి పోటు నీళ్లు బుడబుడా వచ్చి, ఆటుకి మళ్లీ పోతుండేవి. రెండు నెలలకి మొక్కలు కొత్త ఆకు తొడిగాయి. అందరం ఫోటోలు తీసుకుని చూసుకున్నదే చూసుకున్నాం. లెక్చరరుగారు నా దగ్గరికొచ్చి, “నాదే పొరపాటండీ మేడం” అన్నారు. నేను పెద్దమనసు చేసుకుని ఫర్వాలేదండీ అన్నాను.

అప్పుడు వానలు పట్టుకున్నాయి. ఎగువ నుంచి వాగులన్నీ వచ్చి కొల్లేట్లో పడ్డాయి. కొల్లేరు నిండితే ఆ నీళ్లన్నీ ఉప్పుటేట్లోంచే సముద్రానికి పోవాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఏలూరులో నా కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. దుమ్ములోకి వెళ్లొద్దు, వంగొద్దు, బరువులెత్తొద్దు అన్నారు డాక్టరుగారు. రోడ్లు కూడా మునగడంతో మిగతావాళ్లూ ఇళ్లకే పరిమితమయ్యారు. నేను నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాను.

శనివారం సాయంత్రం ఫోన్ వచ్చింది. “ఏరు గట్టు మీంచి పొర్లిందండి. తూములో గుర్రపు డెక్క మొక్క ఇరుక్కుంది. తీస్తంటే మళ్లీ వస్తందండి.”

“వరదే కదమ్మా, తగ్గాక అవే పోతాయిలే” అన్నాను.

మరుసటి శనివారం మళ్లీ చేసింది. “బయట ఏరు దిగిందండి. తూము పూడిపోయి లోపల నీళ్లు దిగలేదండి. గట్టు ఒక్క చుక్క కారట్లేదండి.”

దేవుడు నన్ను క్షమించాలి, ఆ మాటకి నేను మురిసిపోయాను. “కారదమ్మా! మా నాన్న పద్ధతి అది” అన్నాను.

మూడో శనివారం ఆవిడ గొంతులో తడబాటు ఉంది. “మేడంగారండీ, ఏమీ అనుకోకండి. గట్టుకి ఓ పక్క గండి పెట్టమంటారాండీ? గునపం తెచ్చుకుని గట్టు మీదే ఉన్నానండి.”

గండి అనే మాట వింటే డెల్టాలో పుట్టినవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది. గండి పడిందంటే ఊరు ఊరంతా తట్టలు పట్టుకుని పరిగెత్తాల్సిందే. పక్కవాడి గట్టుకి గండి కొట్టినవాడికి ఆ ఊళ్లో మంచినీళ్లిచ్చే దిక్కుండదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “గట్టు జోలికి వెళ్లావంటే ఊరుకోను. నీళ్లేగా, లేత మొక్కకి నీళ్లుంటే మంచిదే. నేనొచ్చి చూసేదాకా ఎవరూ ముట్టుకోవద్దు” అన్నాను.

అవతల వాన చప్పుడు వినపడింది. తర్వాత, “ఆయ్, అలాగేనండి” అంది.

ఆ మాట ఆ గొంతుతో ఎక్కడ విన్నానో నాకప్పుడు గుర్తు రాలేదు.

నాలుగో శనివారం ఫోన్ రాలేదు. ఆదివారం లెక్చరరుగారి కారులో వెళ్లాం. దిగేసరికే వాసన కొట్టింది, కుళ్లిన గుడ్డు వాసన. గట్టు చెక్కు చెదరకుండా నిలబడి ఉంది. లోపల నీళ్లు కదలకుండా, నల్లగా, నడుం లోతున ఉన్నాయి. మేం నాటిన మొక్కలు ఒక్కటీ పైకి కనపడలేదు. పదకొండు చెట్లూ నీళ్లలో నిలబడి ఉన్నాయి. ఆకులు పసుపు తిరిగి, నీళ్ల మీద తెప్పగా తేలుతున్నాయి. నేను కొత్త కంటితో చెట్ల మొదళ్ల చుట్టూ వెతికాను. ఒక్క వేరు కొన కూడా పైన లేదు.

అప్పుడు తెలిసింది నాకు. ముప్పై ఏళ్లు రెండు మార్కులు వేసిన జవాబు, ఎర్ర సిరాతో పూర్తిగా రాయాలని రాసిన జవాబు, నా ఎదురుగా నీళ్ల కింద ఉంది. ఊపిరి తీసే ముక్కుల మీద మూడు వారాలకు పైగా నీళ్లు నిలబెట్టాను. పక్కన బురద గుల్ల కాకుండా బొరియలు కూడా నేనే పూడ్చాను.

గునపం ఆవిడ ఇంటి గోడకి చేర్చి ఉంది. తీసుకుని గట్టు ఎక్కి తవ్వడం మొదలుపెట్టాను. కంటికి మంచిది కాదండీ మేడం, నేను తవ్వుతానండీ అని లెక్చరరుగారు వెనకాలే వచ్చారు. వినిపించుకోలేదు. ఆయన పార తెచ్చుకుని నా పక్కనే తవ్వారు. ఎంత తవ్వినా గండి పడదు. అంత బాగా వేశాం. అదే చేతకానివాళ్లెవరైనా వేసుంటే మొదటివారమే కారిపోయి ఆ చెట్లు బతికేవి. చివరికి నీళ్లు దారి చూసుకుని ఏట్లోకి దూకాయి. బురద తేలాక వంగి ఒక వేరు పట్టుకున్నాను. ఉడికిన తోటకూర కాడలా చేతిలోకి ఊడొచ్చింది.

ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. నా వైపు కాదు, చెట్ల వైపు.

ఆ తర్వాత ప్రతి శనివారం నేనే ఫోన్ చేసేదాన్ని. “ఎన్ని ఉన్నాయమ్మా?” అనేదాన్ని. ఏడు చెట్లకి చిగురుందండి అనేది. తర్వాత నాలుగు అంది. తర్వాత, ఏటి వైపు చివర ఉన్న ఒక్కటే అంది. మా ఇంటి మీద క్రిస్మస్ నక్షత్రం కట్టిస్తుంటే ఫోన్ చేశాను. “అదీ ఆకు దులిపేసిందండి” అంది. నక్షత్రం వెలిగించబుద్ధి కాలేదు ఆ ఏడు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా రాసి లాభం లేదు. మా వాట్సాప్ గ్రూపులో అందరూ ఏమైందని అడిగితే నేను ఇలా రాశాను: “వరదల కారణంగా మొక్కలు, కొన్ని పెద్ద చెట్లు దెబ్బతిన్నాయి.” రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాను. అందరూ బాధపడ్డారు. ప్రకృతి ముందు మనమెంతండీ అని ఒకాయన రాశారు. లెక్చరరుగారు ఏమీ రాయలేదు. తర్వాత ఆయన మానేశారు, ఒకరి వెనక ఒకరు అందరూ మానేశారు. బడిలో కాపీ కొట్టిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన దాన్ని నేను.

మళ్లీ వానాకాలం వచ్చింది. వేర్లు చచ్చిన ఒడ్డు ఎన్నాళ్లాగుతుంది. మొదటి పెద్ద వానకే చెట్ల ముందున్న నేల పెళ్లలు పెళ్లలుగా విరిగి ఏట్లో పడింది. తర్వాత ఆవిడ వంటపాక సగం పోయింది. గోడ నెర్రె విచ్చింది. కూతురు వచ్చి కైకలూరు తీసుకుపోతానంది. అక్కడ ఐసు షెడ్డులో చేపలు సర్దే పని దొరికిందట.

వెళ్లే ముందు శనివారం, ఎన్నో నెలల తర్వాత, ఆవిడే ఫోన్ చేసింది. “రేపు పదింటికి ఆటు పడతాదండి. ఒక్కసారి రండి మేడంగారండీ. భోంచేసి వెళ్దురుగాని.”

భీమవరంలో బస్సు మారి ఒక్కదాన్నే వెళ్లాను. సామాను మూటలు కట్టి వాకిట్లో పెట్టి ఉంది. చెట్లున్నచోట మొదళ్లు మాత్రం మిగిలాయి, వాటిలో సగం అప్పటికే నీళ్లలో ఉన్నాయి. మేం వేసిన గట్టు ముక్క ఒకటి ఇంకా అలాగే నిలబడి ఉంది. ఆవిడ ఇంటి వెనక మూడు ఇటుకల పొయ్యి ముందు కూర్చుని పీతల ఇగురు వండుతోంది. నన్ను చూసి లేచి కాళ్లకి నీళ్లిచ్చింది, పీట వేసింది.

దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ పక్కన పెట్టాను. “నేనే చంపానమ్మా” అన్నాను. “వరద కాదు. నేనే.”

“అలాగనకండి” అంది. గరిటెతో కూర కలిపింది. “నాకు తెలుసండి. రెండో వారం నీళ్లు దిగనప్పుడే తెలుసండి. ముక్కు మునిగితే చెట్టు బతకదని ఆయన చెప్పేవోడు. గునపం చేతిలోనే ఉందండి. మీరొద్దన్నారు. చదువుకున్నోరు కదా, నాకు తెలియంది మీకేదో తెలుసేమో అనుకున్నానండి.” పైటతో మొహం తుడుచుకుంది. “ఆయన చెట్లండి. మీరేమన్నా నేనే గండి కొట్టేయాల్సిందండి. నాదే తప్పు.”

అప్పుడు గుర్తొచ్చింది ఆ “ఆయ్, అలాగేనండి” నేనెక్కడ విన్నానో. పొలంలో, నాన్న నోట విన్నాను. ఇంటికొచ్చి అరవడానికైనా ఆయనకి అమ్మ ఉంది. ఈవిడ ఎవరి ముందు అరిచి ఉంటుంది? నాన్న నేర్పిన గట్టు ఒక్కటే గుర్తుపెట్టుకుని, నాన్న మింగిన మాటలన్నీ మర్చిపోయి, నేను ఆసామినయ్యాను. ఆవిడ చేతులు పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చాను. ఊరుకోండి, కన్ను ఆపరేషనైన వారు, ఏడవకూడదండి అని ఆవిడే నన్ను ఓదార్చింది.

పొయ్యిలో మంట తగ్గింది. ఆవిడ పక్కనున్న కట్టె ఒకటి తీసి లోపలికి ఎగదోసింది. సరుగుడు పుల్ల కాదు. నా చెయ్యంత లావున్న, గట్టి, బూడిదరంగు బెరడున్న కట్టె. గోడ వారన అలాంటివి పొందికగా పేర్చి ఉన్నాయి.

నేను చూస్తున్నానని చూసింది. “ఎండిపోయినయ్యి కదండి, ఏట్లో పోనివ్వడం ఎందుకని” అంది. “బాగానే మండుతున్నాయండి.”

ఆకు వేసి అన్నం పెట్టింది. పీతల ఇగురు వేసింది. ఎదురుగా కూర్చుని, తినండి మేడంగారండీ, మళ్లీ ఎప్పుడు పెడతానో అని మారు వడ్డించింది. ఆయన నాటిన చెట్ల మంట మీద ఉడికిన అన్నం, ఆవిడ పెట్టినంతా తిన్నాను.